బస్సు తిరిగే జాగా

మా ఊరికి సర్పంచ్ లేని కాలంలోనే నాయకులు ఎక్కువయ్యారు. పాత సర్పంచ్ పదవీకాలం ముగిసింది. కొత్త ఎన్నికలు ఇవాళ రేపు అంటూ వెనక్కి పోతూనే ఉన్నాయి. మధ్యలో పంచాయతీ బాధ్యతను ఒక ప్రత్యేకాధికారికి అప్పగించారు. ఆయనకు ఇలాంటి ఊళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి, మా ఊళ్లో ఆయన్ని జెండా ఎగరేసే రోజుల్లో చూడటమే. కుర్చీ ఖాళీగా ఉందంటే అది అందరిదీ అయినట్టే. ఊళ్లో తెల్లచొక్కాలు పెరిగాయి. పండుగ పండుగకూ ఫ్లెక్సీలు లేచాయి. ఈసారి సీటు మగవాళ్లకు వస్తుందో ఆడవాళ్లకు వస్తుందో తెలియదు గనుక, ఎందుకైనా మంచిదని చాలామంది తమ ఫొటో పక్కన భార్య ఫొటో కూడా వేయించారు. ఆ భార్యల్లో కొందరికి తాము ఊరి ప్రజలకు శుభాకాంక్షలు చెప్పిన సంగతి ఫ్లెక్సీ చూశాకే తెలిసింది.

అప్పుడు నేను మోత్కూర్‌లో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. నాయకత్వం గురించి నాకు తెలియనిది లేదు. కాలేజీలో 'మంచి నాయకుడి లక్షణాలు' అనే అంశం మీద ఉపన్యాస పోటీ పెడితే మొదటి బహుమతి నాకే వచ్చింది. ముందుచూపు, నిజాయితీ, త్యాగం, అందరినీ కలుపుకొనిపోయే గుణం అని వేళ్లు ముడుస్తూ చెప్పాను. చివర్లో గొంతు కొంచెం పెంచాను కూడా. బహుమతిగా ఇచ్చిన స్టీలు టిఫిన్ డబ్బాను ఇంటికి తెచ్చి బాపుకు చూపించాను. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి, మూత సరిగా పడుతుందో లేదో చూసి, ఏం మాట్లాడావో చెప్పమన్నాడు. చెప్పాను.

"గివన్నీ ఎవలికున్నయే?" అన్నాడు.

"ఉండాలె అని చెప్పిన బాపూ, ఉన్నయని చెప్పలే."

"గట్లయితే మంచిదే," అని డబ్బా అమ్మకు ఇచ్చాడు. మరునాటి నుంచి అందులో బాపు సద్ది చేనికి పోయింది.

మా ఊరు మోత్కూర్ పోయే రోడ్డు మీద లేదు. రోడ్డు దిగి, పత్తి చేల మధ్య నుంచి చాలా దూరం లోపలికి రావాలి. కాలేజీ పిల్లలం ఆటోల్లో పోయేవాళ్లం. డ్రైవర్‌కు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, వెనుక ఎందరో డ్రైవర్‌కే తెలియదు. ఒకరోజు కల్వర్టు దగ్గర గుంత తప్పించబోయి ఆటో పక్కకు పడింది. ఒక పిల్లకు మోచెయ్యి విరిగింది. మిగతావాళ్లం దోక్కుపోయిన మోకాళ్లతో ఇంటికి నడిచొచ్చాం. ఆ సాయంత్రమే ఊరి తండ్రులందరూ కలిసి, ఇకమీదట ఆడపిల్లలను ఆటో ఎక్కించేది లేదని తీర్మానించారు. మా ఊరి మగవాళ్లు ఒక నిర్ణయానికి అంత తొందరగా రావడం నేను చూడటం అదే మొదలు. ఆటో నడిపింది మగవాడు, గుంతను పూడ్చకుండా వదిలేసింది మగవాళ్లు, కాలేజీ మానేసింది మేము.

ఆ ఏడాది పరీక్షలకు బాపు నన్ను బండి మీద దింపాడు. తర్వాతి సంగతి మాత్రం ముందే తేల్చి చెప్పాడు. "బస్సొస్తే చదువు. రాకుంటే లేదు. దినాం నేను దింపుకుంట కూసుంటే గొర్ల ఎనుక ఎవలు పోవాలె, పత్తి ఎవలు జూడాలె? ఇంటికాడ నీకు పనికి తక్వ లేదు."

ఆయన మాటలో దురుసు లేదు. అదే నాకు ఎక్కువ భయం వేసింది. అరిచి చెప్పిన మాటను బాపు తెల్లారేసరికి మరిచిపోతాడు. మెల్లగా చెప్పింది మరిచిపోడు. ఎండాకాలం సెలవులు అయి కాలేజీ తెరిచేనాటికి ఊరికి బస్సు రాకపోతే నా చదువు అక్కడితో సరి. ఆయన నా వెంటగానీ గొర్రెల వెంటగానీ ఎవరో ఒకరి వెంటే పోగలడు, గొర్రెలు ఆయన్ని ముందే మాట్లాడుకున్నాయి.

అప్పటికే రాష్ట్రమంతా ఆడవాళ్లకు బస్సు ఉచితం అయింది. మా అత్తలు, అక్కలు ఎక్కడెక్కడి గుళ్లకో పోయి ప్రసాదాలు తెస్తున్నారు. మాకూ ఉచితమే. టికెట్ అక్కర్లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఎవరికి చూపించాలన్నదే తేలలేదు.

బస్సు అడగడం మొదలయ్యాక నాయకులు కదిలారు. మాజీ సర్పంచ్ డిపోకు ఒక దరఖాస్తు పట్టుకుపోయాడు. అది తెలిసి యువజన సంఘం నాయకుడు, అంటే కాబోయే సర్పంచుల్లో అందరికంటే ఎక్కువ ఫ్లెక్సీలున్నవాడు, ఇంకో దరఖాస్తు పట్టుకుపోయాడు. రెండూ రాసింది నేనే. నా దస్తూరి బాగుంటుందని వేరువేరుగా వచ్చి రాయించుకున్నారు, రెండోవాడికి చెప్పొద్దని ఇద్దరూ అన్నారు. రెండింటిలోనూ ఒకే బస్సు, ఒకే ఊరు, ఒకే విద్యార్థినుల కష్టాలు. డిపో వాళ్లకు కష్టాలు రెట్టింపుగా కనిపించాయేమో, ఒప్పుకున్నారు. ఊరి చివర బస్సు తిరగడానికి జాగా ఉండాలని మాత్రం ఒక మాట అన్నారట. ఆ మాటను ఇద్దరు నాయకులూ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. శుభవార్తలో అంత చిన్న విషయం ఎందుకనుకున్నారు.

శివరాత్రి వెళ్లాక బస్సు వచ్చింది. బంతిపూల దండ వేసుకుని, డప్పుల మధ్య, ఫుట్‌బోర్డు మీద ఒక వైపు మాజీ, ఇంకో వైపు కాబోయే నాయకులతో వచ్చింది. పసుపు కుంకుమ పెట్టారు. కొబ్బరికాయ ఎవరు కొట్టాలన్న దగ్గర కాసేపు ఆలస్యమైంది కానీ, రెండు కాయలు దొరికాయి కాబట్టి గండం గడిచింది. నేను కొత్త డ్రెస్ వేసుకుని సంచి భుజానికి తగిలించుకుని ఎక్కాను. ఆ రోజు కాలేజీకి సెలవు. అయినా ఎక్కాను.

తర్వాత బస్సు వెనక్కి తిరగాల్సి వచ్చింది.

మా ఊళ్లోకి వచ్చే తారు రోడ్డు బడి ముందు ఆగిపోతుంది. అక్కడ కొంత ఖాళీ జాగా ఉంది. ఖాళీ అని నేను అంటున్నాను. మా ఊరి వాళ్లెవరూ అనరు, ఎందుకంటే అక్కడ పెంటకుప్పలు ఉన్నాయి. పశువుల కొట్టం ఊడ్చిన పెండ, గొర్ల దొడ్డిలోని ఎరువు, పొయ్యిలో బూడిద, అన్నీ ఇంటి ఆడవాళ్లు పొద్దున్నే గంపకెత్తుకుని తెచ్చి అక్కడ పోస్తారు. ఏ ఇంటి కుప్ప ఆ ఇంటిదే. అన్నదమ్ములు వేరుపడితే ఇల్లు, పొలంతో పాటు పెంటజాగాను కూడా పంచుకుంటారు. దీపావళికి దాని మీద దీపం పెడతారు. పొలం అమ్ముకున్నవాళ్లు కూడా పెంటజాగాను వదులుకోలేదు. పట్టా లేని ఆస్తి కాబట్టి దాని మీద ప్రేమ ఇంకా ఎక్కువ. ఆ జాగా మూతి దగ్గర, సరిగ్గా బస్సు ముక్కు తిప్పాల్సిన చోట, రెండు పెద్ద కుప్పలు. ఒకటి మాది. ఇంకొకటి మా చిన్నబాపుది, అంటే బాపు తమ్ముడిది.

బస్సు వెనుక చక్రం ముందుగా చిన్నబాపు కుప్పలోకి దిగింది. డ్రైవర్ కంగారుగా ముందుకు లాగితే ముందు చక్రం మా కుప్పలోకి దిగింది. ఈ విషయంలో ఎవరికీ పక్షపాతం జరగలేదు. పైన ఎండి గట్టిగా కనిపిస్తుంది కానీ లోపల పెంట మెత్తగా ఉంటుంది, ఆ సంగతి బస్సుకు తెలియదు. ట్రాక్టర్ తెచ్చి, తాళ్లు కట్టి లాగారు. తర్వాత ఆ బస్సు తిరగకుండానే, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పెద్ద రోడ్డు దాకా పోయింది. కండక్టర్ దిగి వెనుక ఈల వేస్తూ నడిచాడు. బంతిపూల దండ ముందుంది, ప్రయాణం వెనక్కి. ఎవరో తీసిన వీడియో మోత్కూర్ దాకా పాకింది.

పోయే ముందు డ్రైవర్ చెప్పిన మాట ఒక్కటే. "నాకు మీ ఊరి మీద కోపం లేదు సార్. బండి తిరిగే జాగా చూపియ్యుండ్రి, రేపటికెల్లే వస్త."

ఆ వారంలోనే బడి వరండాలో అందరూ కూర్చున్నారు. రెండు కుప్పలు ఎత్తితే పని అయిపోతుంది. ఇంకెక్కడైనా పోసుకోవడానికి ఊరవతల గుట్ట కింద ఎవరూ దున్నని పడావు జాగా ఎంతో ఉంది. ఇది బాపుకూ తెలుసు, చిన్నబాపుకూ తెలుసు.

"వాడు తీస్తే నేను తీస్త," అన్నాడు బాపు. "పెద్దోన్ని నేను. నేనెందుకు ముందు తియ్యాలె?"

"పెద్దోడంటే పెద్దోని లెక్క ముందు తియ్యాలె. ఎనుక నేను తీస్త," అన్నాడు చిన్నబాపు. ఇద్దరూ బాపు బాపు గురించి, అంటే మా తాత గురించి మాట్లాడుకున్నారు. ఎవరి కుప్ప ఎటు ఎంత జరిగిందో మాట్లాడుకున్నారు. ఇద్దరి మధ్య పాతిన హద్దు రాయి ఒక వానాకాలం తర్వాత అమ్మ వైపుకు వచ్చిందని మా ఇంట్లో, ఎప్పుడూ అక్కడే ఉందని వాళ్లింట్లో చెప్పుకుంటారు. ఆ రాయి వల్లే అమ్మకూ చిన్నమ్మకూ మాటలు లేవు. పెళ్లిళ్లలో ఒకే బంతిలో కూర్చున్నా ఒకరి విస్తరి వైపు ఒకరు చూసుకోరు. పొద్దున్నే పక్కపక్కన గంపలు కుమ్మరించి, ఒకరినొకరు చూడనట్టే వెళ్లిపోతారు.

మాజీ సర్పంచ్ "నిదానంగ ఆలోచన చేద్దాం" అన్నాడు. కాబోయే సర్పంచ్ "రెండు దిక్కులా న్యాయమున్నది" అన్నాడు. రెండు దిక్కులా న్యాయం కంటే ఓట్లు ఎక్కువ ఉన్నాయి. మా ఇంటి పేరు వాళ్లు, చిన్నమ్మ పుట్టింటి తరఫు వాళ్లు కలిస్తే ఊళ్లో మూడు వీధులు. అంత మందిని పెంటకుప్ప మీద పోగొట్టుకునే నాయకుడు ఎక్కడైనా ఉంటే ఉండొచ్చు, మా దగ్గర లేడు.

నన్ను కూడా మాట్లాడమన్నారు. నేను లేచి, మంచి నాయకుడు ముందు తన ఇంటి నుంచే త్యాగం మొదలుపెడతాడని చెప్పాను. బాపు వైపు చూడకుండా చెప్పాను. "బిడ్డ మంచిగ మాట్లాడింది," అని ఒక పెద్దాయన అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, బాపు కూడా కొట్టాడు. చప్పట్లు అయిపోగానే మిషన్ భగీరథ నల్లా ఎన్ని రోజుల నుంచి రావడం లేదో మాట్లాడుకుని లేచిపోయారు. నాకు ఒళ్లు మండింది. ఇంటికి వచ్చి అమ్మ మీద అరిచాను, ఎందుకంటే బాపు మీద అరిచే ధైర్యం లేదు. అమ్మ గొర్లకు నీళ్లు పెట్టి రమ్మంది.

మా అమ్మ మాట్లాడే మనిషి కాదు. ఊరికే ఉండే మనిషి కూడా కాదు. కోపం వస్తే గిన్నెలు కొంచెం గట్టిగా పెడుతుంది, అంతే. ఆమెను ఏ విషయం మీదైనా నీ అభిప్రాయం ఏమిటని ఎవరూ అడిగినట్టు నాకు గుర్తు లేదు. నేను కూడా అడగలేదు. అభిప్రాయాలు చెప్పడం నా పని అనుకున్నాను.

ఎండలు ముదిరాయి. ఏటా లాగే వానలకు ముందు పెంట తోలడం మొదలైంది. ట్రాక్టర్లు పెట్టి అన్ని కుప్పలనూ చేన్లకు తోలేశారు. నాలుగు దినాల్లో బడి ముందు జాగా అంతా నున్నగా, నల్లగా బయటపడింది. అంత పెద్ద జాగా అక్కడ ఉందని నాకు అప్పుడే తెలిసింది. బస్సు కాదు, లారీ కూడా తిరుగుతుంది. కాబోయే సర్పంచ్ అక్కడ నిలబడి ఫొటో దిగి, పరిశుభ్రమైన గ్రామం తన కల అని రాసి గ్రూపులో పెట్టాడు.

ఆ సంబరం ఎంతసేపుంటుందో అందరికీ తెలుసు. పెంట తోలిన మరునాడే ప్రతి ఇంటి నుంచి ఒక గంప వచ్చి పాత చోటులోనే పడాలి. అది పద్ధతి. పడకపోతే జాగా వదులుకున్నట్టే, పక్కవాడు కొంచెం కొంచెంగా జరుగుతాడు. కాబట్టి మరునాటి పొద్దున్నే కుప్పలు మళ్లీ మొదలవుతాయి. మరో పదిహేను దినాలకు కాలేజీ తెరుస్తారు. నేను అప్పటికే నా పుస్తకాలను అటక మీద పెట్టాలా, మంచం కింద పెట్టాలా అని ఆలోచిస్తున్నాను.

మరునాటి పొద్దున కొట్టం నేనే ఊడ్చాను. పెండ గంపకెత్తి, అమ్మ నెత్తిన చుట్టబట్ట పెట్టుకుంటే నేనే గంప ఎత్తించాను. చీపురు చేతిలో పట్టుకుని ఆమె వెనుకే వాకిలి దాకా పోయాను. మా ఇంటి ముందు నుంచి బడి కనిపిస్తుంది. అమ్మ మెల్లగా నడుచుకుంటూ ఆ జాగా దగ్గరికి పోయింది. చిన్నమ్మ అప్పటికే తన చోట నిలబడి గంప దించబోతోంది. అమ్మ మా చోటు దగ్గర ఆగలేదు. అలాగే దాటిపోయింది. బడి దాటి, నీళ్ల ట్యాంకు దాటి, గుట్ట కింది పడావు దిక్కు నడిచింది.

చిన్నమ్మ గంపకు వేసిన చెయ్యి అట్లనే ఉండిపోయింది. అమ్మ పోయిన వైపు చూసింది. నేల మీది మా ఖాళీ చోటు చూసింది. మళ్లీ అమ్మను చూసింది. ఆమె మనసులో ఏం తిరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు కానీ, ఊహించగలను. ఇన్నేళ్లుగా ఒక్క జానెడు కోసం కొట్లాడిన మనిషి మొత్తం జాగాను వదిలేసి పోతోందంటే, అక్కడ ఇంతకంటే పెద్దదేదో దొరికి ఉండాలి. చిన్నమ్మ గంప సర్దుకుని గబగబా అమ్మ వెనుక నడిచింది. కలిసి కాదు, కొంచెం ఎడంగా. కానీ అదే దారిన.

నీళ్ల ట్యాంకు దగ్గర పక్కింటి ఆమె అడిగింది. "యాడికక్కా, గంపలు పట్టుకోని గటు పోతున్నరు?"

"ఊకె," అంది అమ్మ.

మా ఊళ్లో 'ఊకె' అన్న మాటను నమ్మిన మనిషి పుట్టలేదు. ఊకె పోతున్నానన్నవాడు బ్యాంకుకు పోతున్నాడని, ఊకె వచ్చానన్నవాడు సంబంధం మాట్లాడటానికి వచ్చాడని చిన్నపిల్లలకు కూడా తెలుసు. పక్కింటి ఆమె తన గంపను అక్కడే ఆపి, అమ్మనూ చిన్నమ్మనూ చూసింది. మాటలు లేని తోటికోడళ్లు ఇద్దరూ ఒకే దిక్కు పోతున్నారంటే అందులో ఏదో పెద్ద లాభమే ఉండాలి. సాయంత్రానికి అది ఊరంతా తెలిసింది. గుట్ట కింద సర్కారు కొత్త పెంటజాగాలు కొలిచి ఇస్తుందట. ముందు పోసినవాళ్లకు పెద్ద జాగానట. తర్వాత పోసినవాళ్లకు మిగిలిందేనట. ఎవరు చెప్పారని ఎవరూ అడగలేదు.

మూడో పొద్దుకు ఆ దారి గంపలతో నిండిపోయింది. నిద్రలేవడానికి బద్ధకించే ఇళ్ల వాళ్లు కూడా తెల్లవారకముందే బయలుదేరారు. గుట్ట కింద రాళ్లతో హద్దులు పెట్టారు, హద్దుల దగ్గర కొట్లాడుకున్నారు, చుట్టాలకు పక్కన చోటు ఆపారు. కాబోయే సర్పంచ్ ఒకరోజు అటు బండి మీద వచ్చి, ఆ జాగాలు తన పోరాట ఫలితమేనని అన్నాడు. మాజీ సర్పంచ్ ఆ ప్రతిపాదన తన కాలం నుంచే ఉందన్నాడు. అలా లేని పథకానికి ఇద్దరు నాయకులు దొరికారు.

బడి ముందు మాత్రం నేల నున్నగా అలాగే ఉంది.

బాపుకు ఈ సంగతి వారం తర్వాత తెలిసింది. గొర్లను మేతకు గుట్ట అవతలికి తోలుకుపోయి, అన్ని దినాలూ అక్కడే ఉండి వచ్చి చూసేసరికి మా చోటు నున్నగా ఉంది. ఇంట్లోకి వస్తూనే అందుకున్నాడు.

"పెంట గాడ ఎందుకు పోస్తలేవే? జాగ పోతది తెల్సా?"

"పోనీ," అంది అమ్మ, జొన్నరొట్టె తిప్పుతూ.

"పోనీ అంటవేందే! మా నాయిన జాగ అది!"

"మీ తమ్మునిది గూడ పోతున్నది."

బాపు ఆగాడు. చెప్పులు మళ్లీ వేసుకుని బడి దాకా పోయి చూసి వచ్చాడు. నిజమే, తమ్ముడి చోటు కూడా నున్నగా ఉంది. ఆయన ముఖం కొంచెం తేటపడింది. ఇద్దరూ సమానంగా పోగొట్టుకున్నారు కాబట్టి ఎవరూ ఓడిపోనట్టే లెక్క. "ఆడు గూడ పోస్తలేడా," అని తనలో తాను అనుకుని రొట్టె తిన్నాడు. పోసేది తానూ కాదు, తమ్ముడూ కాదని ఆయనకు తట్టలేదు. నాకైనా అప్పుడే తట్టింది. బడి వరండాలో అన్ని గంటలు మేమంతా పెంటకుప్పల గురించి మాట్లాడినప్పుడు, ఒక్క గంపయినా మోసినవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

కొన్నాళ్లకు సర్కారు ఏ జాగా ఇవ్వడం లేదని తెలిసిపోయింది. ఆడవాళ్లు అమ్మను దులిపేశారు. నీ వెంట వచ్చి మోసపోయాం, ఇంత దూరం మోసి మెడలు పోతున్నాయన్నారు. "నేను రమ్మన్ననా?" అంది అమ్మ. నిజంగానే రమ్మనలేదు. అయినా ఒక్కరు కూడా వెనక్కి మళ్లలేదు. గుట్ట కింద ఇప్పటికే ఎవరి కుప్ప వాళ్లకు లేచింది. ఇప్పుడు వదిలి వస్తే పక్కామె జరుగుతుంది.

నేను ఒక్కసారి అడిగాను, నా బస్సు కోసమే చేశావా అని. అమ్మ మెడ పట్టేసి, నాతో నువ్వుల నూనె రాయించుకుంటోంది. గుట్ట కిందికి దూరం మామూలుగా లేదు.

"మీ మీటింగుల ముచ్చట నాకు తెల్వదు బిడ్డా. గంప నా నెత్తి మీదున్నది. యాడ పోయాల్నో నా ఇష్టం," అంది. కొంచెం ఆగి, "మంచిగ రుద్దు. గట్ల ముట్టీ ముట్టనట్టు రుద్దుతవేంది," అంది.

నేను మళ్లీ డిపోకు దరఖాస్తు రాశాను, ఈసారి నాయకులెవరికీ ఇవ్వకుండా నేనూ, మోచెయ్యి విరిగిన పిల్లా పోయి ఇచ్చాం. జాగా ఫొటో చూపించాం. ఫొటోలో మేమిద్దరం లేము, ఉత్త నేల ఉంది. అక్కడి సార్ చాలాసేపు చూసి, కాలేజీ తెరిచిన రోజు నుంచే బస్సు పంపిస్తానన్నాడు.

కాలేజీ తెరిచిన రోజు పొద్దున ఎనిమిదింటికి బస్సు వచ్చింది. దండల్లేవు, డప్పుల్లేవు. బడి ముందు దాకా వచ్చి, ఒక్కసారి ముక్కు తిప్పి, వెనక్కి ఒక్క అడుగు కూడా వేయకుండా గుండ్రంగా తిరిగి నిలబడింది. ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చున్న మగవాళ్లు గ్లాసులు పట్టుకుని చూశారు. బాపు వాళ్లలోనే ఉన్నాడు. ఆడపిల్లలు ఎక్కారు. నేను సంచి తగిలించుకుని బాపు ముందు నిలబడ్డాను, ఆయన పొమ్మనాలి కదా.

"ఒక్కనాడు తిరిగితే తిరిగినట్టా?" అన్నాడు బాపు, బస్సునే చూస్తూ. "వానల్ వడ్డంక ఏమైతదో. నాలుగొద్దులు జూద్దాం తీయ్."

మెల్లగా అన్నాడు. నాలుగు దినాలు కాస్తా పత్తి గింజలు పెట్టేదాకా అవుతాయి, తర్వాత కలుపు, తర్వాత ఇంకేదో. చదువులు అలాగే ఆగుతాయి, ఎవరూ ఆపరు. పక్కన కాబోయే సర్పంచ్ ఉన్నాడు, మాజీ సర్పంచ్ ఉన్నాడు. ఇద్దరూ చాయ్ ఊదుకున్నారు. నాకు మాట రాలేదు. బహుమతి వచ్చిన గొంతే అది. డ్రైవర్ హారన్ కొట్టాడు. బస్సు కదలబోయింది.

కదల్లేదు. గుట్ట దిక్కు పోతున్న చిన్నమ్మ, సంచితో బాపు ముందు ఆగిపోయిన నన్ను చూసి, నిండు గంపతో వచ్చి బస్సు ముందు నిలబడింది.

మా ఇండ్లలో తమ్ముడి భార్య బావ ఎదుట నోరు విప్పదు. బాపు కనిపిస్తే చిన్నమ్మ కొంగు సర్దుకుని పక్క సందులోకి తప్పుకుంటుంది. ఆమె గొంతును బాపు గోడ అవతల నుంచి తప్ప ఎన్నడూ విని ఉండడు. ఇప్పుడు కూడా ఆమె బాపు వైపు తిరగలేదు. డ్రైవర్‌తోనే మాట్లాడింది, కానీ హోటల్ దాకా వినిపించేట్టు మాట్లాడింది.

"నా బిడ్డ ఒగతె ఎక్కేదున్నది. ఆమె ఎక్కకుంట బండి కదలొద్దు."

"అమ్మా, టైమైతాంది. జర జరుగు," అన్నాడు డ్రైవర్.

"జరగ. ఆ పిల్లను ఎక్కిచ్చుకుంటవా, గంప గీడనే కుమ్మరియ్యాల్నా? ఇయ్యాల గీడ ఒక్క గంప వడ్డదంటే, రేపటి సంది ఊరోల్ల గంపలన్నీ గీడనే వడ్తయి. మల్ల ఎట్ల తిరుగుతవో నేను జూస్త!"

హోటల్లో కూర్చున్న చిన్నబాపు తల దించుకున్నాడు. బాపు చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉంది. ఆయన చిన్నమ్మను చూడలేదు, చూడకూడదు కాబట్టి నన్ను చూశాడు. తర్వాత లేచి, ఇంతసేపూ నా కోసమే ఎదురుచూస్తున్నట్టు విసుక్కున్నాడు.

"ఏం జూస్తున్నవే గట్ల నిలవడి? బస్సు పోతది, ఉరుకు!"

ఉరికాను. ఎక్కి, డ్రైవర్ వెనుక సీట్లో కూలబడ్డాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. అద్దంలోంచి చూస్తే చిన్నమ్మ ఇంకా కదల్లేదు. తలుపు మూసేదాకా నమ్మేటట్టు లేదు. ఆమె వెనుక నుంచి అమ్మ వచ్చింది, నెత్తిన గంపతో, ఎప్పటిలాగే మెల్లగా. వచ్చి చిన్నమ్మ పక్కన ఆగింది. నెత్తిన బరువు ఉన్నప్పుడు మెడ తిప్పడం కుదరదు కాబట్టి ఇద్దరూ బస్సు వైపే చూస్తూ నిలబడ్డారు.

"జరుగు చెల్లె," అంది అమ్మ. "మన పిల్ల ఎక్కింది. పోనీ."

చిన్నమ్మ పక్కకు జరిగింది.